వీడ్కోలు సంచికలో పిల్లలు రాసుకునే జోస్యాలను తీసివేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో చాలా బడులకు విద్యా సంవత్సరం మే నెలాఖరులోనో జూన్‌లోనో ముగుస్తుంది. అప్పటికి జూనియర్ హైస్కూలు పూర్తిచేసి పై బడికి వెళ్లబోయే పిల్లలకు పధ్నాలుగు, పదిహేనేళ్లు ఉంటాయి. వారి కోసం అచ్చువేసే వీడ్కోలు సంచికలో నవ్వుకోవడానికి రెండు పుటలు ఉంచడం ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ. ఒకటి, తరగతి అంతా కలిసి రాసే వీలునామా. రెండోది, ఇరవై ముప్ఫై ఏళ్ల తరువాత తమలో ఎవరు ఎక్కడ ఏం చేస్తూ ఉంటారో తోటి పిల్లలే ఊహించి చెప్పే జోస్యం. మా పిల్లలు చదువుతున్న బడిలో ఈ రెండు పుటలనూ ఎత్తివేసి, ఆ స్థలంలో మరిన్ని ఫొటోలు వేయాలనే ప్రతిపాదన ఈ ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో వచ్చింది. దానిని గట్టిగా బలపరిచిన వారిలో మన తెలుగువారు చాలామంది ఉన్నారు. ఇక్కడి మనవల, మనవరాళ్ల సంచికలను ఫోనులో చూసి మురిసిపోయే, ఒక్కోసారి నొచ్చుకునే తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మలూ మీ పాఠకులలో ఎందరో ఉంటారు కనుక, ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా తెలుగులోనే చర్చించడం సముచితమని భావించి ఈ లేఖ రాస్తున్నాను. ఆ పుటలు ఉండి తీరాలన్నది నా అభిప్రాయం. వాటిని ఎలా రాయాలన్నది కూడా అంతే పట్టుదలతో మాట్లాడుకోవలసిన సంగతి.

ఈ పుటలను ఎన్నడూ చూడని పాఠకుల కోసం ముందుగా వాటి తీరు చెబుతాను. వీలునామా పుట అచ్చం దస్తావేజు భాషలోనే మొదలవుతుంది. పూర్ణ స్పృహతో, స్థిరచిత్తంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన కడపటి వీలునామా అని గంభీరంగా ఎత్తుకొని, ఆ వెంటనే కుంటుతున్న ఒక బల్లను, దాని కాలి కింద పెట్టిన మడత కాగితంతో సహా, కింది తరగతి వారికి దఖలు పరుస్తారు. సరిగా మూసుకోని లాకరును, ఏ మూల తడితే దాని తలుపు పడుతుందో ఆ రహస్యాన్ని ఇంకొకరికి రాసిస్తారు. ఏడాది పొడవునా వెతికినా తమకు దొరకని ‘ఎక్స్’ విలువను లెక్కల టీచరు గారికే వదిలి వెళుతున్నామని, వచ్చే ఏడాది పిల్లల చేతనైనా వెతికించుకోవలసిందని మనవి చేస్తారు. గ్రంథాలయంలోని నిశ్శబ్దాన్ని, తాము ఒక్కరోజు కూడా వాడలేదు కాబట్టి కొత్తగానే ఉందని హామీ ఇస్తూ, అక్కడి లైబ్రేరియనుకు అప్పగిస్తారు. మామూలు మాటల్లో చెప్పుకోవడానికి సిగ్గుపడే కృతజ్ఞత, బడి విడిచి వెళుతున్న దిగులు, ఈ దస్తావేజు భాష చాటున ఎంతో సులువుగా బయటికి వస్తాయి. పధ్నాలుగేళ్ల కుర్రవాడు టీచరు ఎదుట నిలబడి, మీరంటే నాకు చాలా ఇష్టమండీ అని చెప్పలేడు. ఆమె పేరున ఒక ‘ఎక్స్’ను మాత్రం రాసివ్వగలడు. అమెరికాలో చాలా రాష్ట్రాలలో పద్దెనిమిదేళ్లు నిండితే గానీ వీలునామా రాసే అర్హత రాదు కాబట్టి (జార్జియా రాష్ట్రంలో మాత్రం పధ్నాలుగేళ్లకే వస్తుంది) చట్టం దృష్టిలో ఈ పత్రాలు చెల్లవన్న సంగతి పిల్లలకూ తెలుసు. పెద్దల భాషను కాసేపు అరువు తెచ్చుకొని, తమకు నిజంగా సొంతమైనవాటిని లెక్క చూసుకోవడంలోనే వారికి ఆనందం ఉంది.

జోస్యానికి ఒక చిన్న కథ కావాలి. స్ఫటికగోళంలోకి చూసే సోదెమ్మ, నిద్రలో వచ్చిన కల, పాతికేళ్ల తరువాత జరిగే పూర్వ విద్యార్థుల కలయిక, భవిష్యత్తులో అచ్చయిన దినపత్రిక, ఇలా ఏదో ఒక నెపం పెట్టుకొని, ఆ కథలోకి తరగతిలోని ఒక్కొక్కరినీ తీసుకొస్తారు. రోజూ ఆలస్యంగా వచ్చే అమ్మాయి దేశంలోని రైళ్లన్నింటికీ పై అధికారిణి అవుతుంది, అప్పుడిక రైళ్లే ఆమె వచ్చేదాకా ఆగుతాయి. ప్రతి పాఠానికీ చెయ్యెత్తి ఇది పరీక్షలో వస్తుందా అని అడిగే అబ్బాయి అంగారక గ్రహం మీద అందరికంటే ముందు కాలుపెట్టి, అక్కడినుంచి భూమికి పంపే తొలి సందేశంలో కూడా అదే అడుగుతాడు. పుస్తకంలో తల దూర్చి నడుస్తూ తలుపులకు గుద్దుకునే పిల్ల, నడుస్తూ చదువుకునే వారికోసం ఒక్క గోడ కూడా లేని గ్రంథాలయం కట్టిస్తుంది. వీటిలోని నేర్పును కాస్త నిదానంగా గమనించాలని పాఠకులను కోరుతున్నాను. ఇలాంటి వాక్యం ఒకటి రాయాలంటే ఆ రాసే పిల్లవాడు తోటివాడిని నెలల తరబడి శ్రద్ధగా చూసి ఉండాలి. చూసిన అలవాట్లలో ఆ మనిషిని పట్టిచ్చేది ఏదో ఎంచుకోవాలి. ఇంట్లోనూ బడిలోనూ తప్పుగా లెక్కకు వచ్చే ఆ అలవాటే ఎక్కడో ఒకచోట గొప్ప అయ్యేటట్టు ఒక లోకాన్ని కల్పించాలి. ఆలస్యంగా వచ్చినందుకు అందరి చేతా మాటలు పడ్డ అమ్మాయి, తన కోసం రైళ్లు ఆగే రోజు గురించి తన నేస్తం రాసినది చదువుతుంది. భాషా బోధనలో మనం ఏళ్ల తరబడి నేర్పాలని ప్రయత్నించే పరిశీలన, కల్పన, క్లుప్తత అన్నీ ఈ ఒక్క పనిలో ఉన్నాయి. ఇంతటి అభ్యాసాన్ని తీసివేసి దాని స్థానంలో ఫొటోలు అతికిస్తామనడం నాకు నష్టంగానే కనిపిస్తోంది.

ఈ ఆనవాయితీ జూనియర్ హైస్కూళ్లలో పుట్టినది కాదు. 19వ శతాబ్దంలో అమెరికా కళాశాలల్లో పట్టాల ప్రదానానికి ముందు విద్యార్థులు తమకు తాము జరుపుకునే తరగతి దినాన పద్యాలు, ప్రసంగాలు, తరగతి చరిత్ర, జోస్యం వంటివి చదివేవారు. అక్కడినుంచి అది హైస్కూళ్లకు, ఆ తరువాత జూనియర్ హైస్కూళ్లకు వచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో 1909లో మొదలైన ఇండియానోలా బడిని తొలి జూనియర్ హైస్కూలుగా చాలామంది పేర్కొంటారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులను ఒక్కచోట చేర్చిన ఈ పద్ధతిని 1918లో మాధ్యమిక విద్యపై ఏర్పడిన జాతీయ కమిషన్ కూడా సమర్థించింది. 1963లో విలియం అలెగ్జాండర్ అనే విద్యావేత్త మిడిల్ స్కూలు ఆలోచనను ముందుకు తెచ్చిన తరువాత చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వరకు ఉండే బడులు వచ్చాయి. అందువల్ల ఇప్పుడు కొందరు పిల్లలు ఎనిమిదో తరగతి చివరనే ఈ వీడ్కోలు చెప్పుకుంటున్నారు.

తొలిరోజుల్లో ఈ వీడ్కోలుకు ఉన్న బరువు ఇప్పుడు మనకు తెలియదు. 1910 ప్రాంతంలో అమెరికాలో హైస్కూలు పూర్తిచేసేవారు ఆ వయసు పిల్లల్లో పదింట ఒక వంతుకు మించరు. 1940 నాటికి అది సుమారు సగానికి చేరింది. అంటే మొదటి జూనియర్ హైస్కూళ్లలో చదివిన ఎంతోమందికి అదే చివరి తరగతి. మరుసటి నెలలో ఒకరు మిల్లులో, ఒకరు పొలంలో, ఒకరు దుకాణంలో పనికి కుదిరేవారు. తరగతిగా మళ్లీ ఎన్నడూ కూర్చోబోమని తెలిసిన పిల్లలు, పాతికేళ్ల తరువాత తామందరూ ఒకచోట కలుసుకున్నట్టు రాసుకొని నవ్వుకున్నారు. ఆ పుటలను పనికిరాని అల్లరిగా కొట్టిపారేయడం నాకు చేతకాదు.

పాత సంచికలు చాలావాటిని గ్రంథాలయాలు కంప్యూటరుకు ఎక్కించాయి కనుక ఆసక్తి ఉన్నవారు వాటిని చదువుకోవచ్చు. వాటిలో మగపిల్లలు ఎక్కువగా పైలట్లు, ఇంజనీర్లు, బేస్‌బాల్ వీరులు అవుతారు. ఆడపిల్లలు నర్సులు, సెక్రటరీలు, కాదంటే ఏ కోటీశ్వరుడి భార్యలో అవుతారు. పెద్దలు చూపించిన లోకం ఎంత ఇరుకుగా ఉండేదో పిల్లల ఊహలో అంత ఇరుకూ కనిపిస్తుంది. అయినా ఆ ఇరుకును దాటి అడుగు వేసిన చోట్లు లేకపోలేదు, ఆ అడుగు దాదాపు ప్రతిసారీ నవ్వు కోసం వేసినదే. నువ్వు ఏమవుతావని గంభీరంగా అడిగితే ఏ కాలపు పిల్లవాడైనా నలుగురూ మెచ్చే నాలుగు ఉద్యోగాలలో ఒకటి చెబుతాడు. హాస్యానికి చెప్పమంటే చంద్రుడి మీదికి వెళతాడు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930లో పుట్టాడు, కనుక 1940ల నడిమిలో జూనియర్ హైస్కూలు వదిలిన పిల్లలు ఆయన ఈడువారే. వారిలో ఎవరినైనా స్నేహితులు చంద్రమండలానికి పంపించి నవ్వుకొని ఉంటే, ఆ పిల్లలు నలభయ్యో పడికి చేరేలోపే, 1969లో, అది వారి ఈడువాడికే జరిగింది. అమ్మాయిలను అంతరిక్షానికి పంపడం మరికొంతకాలం వేళాకోళంగానే ఉండిపోయింది. చదువులో స్త్రీ పురుష వివక్షను నిషేధించే చట్టం అమెరికాలో 1972లో వచ్చింది, శాలీ రైడ్ 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికా మహిళ అయింది. తెలుగింట పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష 2021 జూలై 11న రోదసి అంచును తాకి వచ్చినప్పుడు మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ సంబరపడ్డాయి. ఒక తెలుగు పిల్ల రాకెట్టు ఎక్కుతుందని ఆ అమ్మాయి బడిరోజుల్లో ఏ నేస్తమైనా వీడ్కోలు సంచికలో రాసి ఉంటే, మనలో కొందరైనా ఇదేం రాతలని అడిగి ఉండేవారు.

జపాన్‌లోనూ జూనియర్ హైస్కూలు ఉంది, 1947 నుంచి అక్కడ అది నిర్బంధ విద్యలో చివరి మూడేళ్లు. అక్కడ బడి విడిచే పిల్లలు వీడ్కోలు సంకలనంలో తమ ఆశయాన్ని తామే వ్యాసంగా రాసుకుంటారు. బేస్‌బాల్ క్రీడాకారుడు ఇచిరో సుజుకి ప్రాథమిక బడి చివరి ఏడాది రాసిన వ్యాసం ఆ దేశంలో ప్రసిద్ధం. ఏడాదిలో 360 రోజులు కఠినంగా సాధన చేస్తున్నానని, అందుకే తప్పక వృత్తి ఆటగాణ్ణి అవుతానని ఆ బాలుడు రాశాడు. 2001లో అమెరికా లీగుకు వచ్చిన మొదటి ఏడాదే అత్యుత్తమ ఆటగాడి బహుమతి గెలుచుకున్నాడు. ఆ పద్ధతి మంచిదే, కానీ అందులో పిల్లవాడు తన గురించి తనకు తెలిసినది మాత్రమే చెప్పగలడు. తోటివారు తనలో ఏం చూశారో అతనికి తెలిసేది అమెరికా పద్ధతిలోనే. ఆ వయసుకు ఇది చిన్న సంగతి కాదు. కౌమారంలో ఉన్నవారికి చుట్టూ ఉన్న అందరి కళ్లూ తమ మీదే ఉన్నాయన్న భావన కలుగుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ ఎల్కిండ్ 1967లో వివరించాడు. అందరూ చూస్తున్నారన్న ఆ బెంగకు జోస్యం పుట ఒక మంచి జవాబు చెబుతుంది. అవును, మేము చూశాం, నువ్వు కిటికీ దగ్గర కూర్చొని కాగితాల మీద వంతెనలు గీయడం చూశాం, అందుకే రెండు ఖండాలను కలిపే వంతెన నీ చేత కట్టించాం అంటుంది. మనిషి ముందు ముందు తాను ఏమి కాగలడని ఊహించుకుంటాడో ఆ ఊహలే అతని నేటి ప్రయత్నాన్ని నడిపిస్తాయని హేజెల్ మార్కస్, పౌలా నూరియస్ 1986లో ప్రతిపాదించారు. అలాంటి ఊహలు ఒకటికి పది ఉండటం వల్ల ఏ బిడ్డకూ నష్టం లేదు.

ఇక మన తల్లిదండ్రుల అభ్యంతరాల సంగతి. మా అమ్మాయిని వైద్యం చదివించాలని మేము అనుకుంటుంటే, పెద్దయ్యాక సర్కస్ కంపెనీ నడుపుతుందని అచ్చువేస్తారా అని ఒక తల్లి సమావేశంలో కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమె బాధను నేను తేలికగా తీసుకోవడం లేదు. దేశం కాని దేశంలో, వీసా కాగితాల ఆందోళనల నడుమ పిల్లలను పెంచినవారికి వారి భవిష్యత్తు గురించిన ఏ మాటా వట్టి మాటగా వినిపించదు. అయినా ఆమెతో ఏకీభవించలేను. ఆ వాక్యం రాసిన పిల్ల దగ్గర ఆమె కూతురి జాతకం లేదు, ఆమె చదువు చెడాలన్న కోరికా లేదు. బృందంగా చేయవలసిన సైన్సు పనిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోని అయిదుగురిని ఈ అమ్మాయి ఎలా ఒకతాటి మీదికి తెచ్చిందో ఆ నేస్తం పక్కనుండి చూసింది. సింహాలనూ కోతులనూ ఒకే గుడారంలో పొట్లాట లేకుండా ఆడించగలదని రాసింది. స్నేహితురాలి సామర్థ్యానికి ఆ వయసు పిల్ల ఇవ్వగలిగిన అత్యుత్తమ యోగ్యతా పత్రం అది. రేపు ఆ అమ్మాయి వైద్యురాలే అయితే, ఆసుపత్రిలో ఆమెకు ఎక్కువగా పనికొచ్చేదీ ఆ నేర్పే. మన పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆట పట్టిస్తూ పాడిన గొంతులే కాసేపటికి అప్పగింతల పాట అందుకుంటాయి, ఆ ఎకసెక్కాలకు ఎవరూ అలగరు, అలిగినా భోజనాల వేళకు మరచిపోతారు. విడిపోయే ముందు నవ్వించడం ఆప్తుల పని అని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంగ్లీషులో అచ్చయినంత మాత్రాన దాన్ని అవమానంగా చదవవలసిన అవసరం లేదు.

అయితే అన్ని అభ్యంతరాలూ ఇలాంటివి కావు. కొన్ని పుటలను నేను కూడా చించివేయాలనే అంటాను. పిల్లవాడి లావు, పొట్టి, రంగు, నత్తి, మాట యాస, డబ్బాలో తెచ్చుకునే అన్నం వాసన, ఇంటి ఆదాయం, తప్పిన పరీక్షలు, వీటి మీద కట్టిన జోస్యం జోస్యం కాదు. ఏడాది పొడవునా నోటితో చేసిన వేధింపును అచ్చులో పెట్టి శాశ్వతం చేయడం మాత్రమే. ఫలానా అమ్మాయిని ఫలానా అబ్బాయి పెళ్లాడతాడని రాయడం చాలాచోట్ల మామూలు, కానీ పధ్నాలుగేళ్ల వయసులో మనసులో దాచుకున్న ఇష్టం నలుగురిలో అచ్చయితే ఆ సిగ్గు ఎన్ని నెలలు వెంటాడుతుందో ఆడపిల్లలున్న ఇంట్లో వారికి చెప్పనక్కరలేదు. మన పిల్లల విషయంలో మరో రకం ఉంది. అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో భారతీయ మూలాలున్న పిల్లవాడు మొదటిసారి 1985లో గెలిచాడు. 2019లో ఉమ్మడి విజేతలుగా ప్రకటించిన ఎనిమిది మందిలో ఏడుగురు దక్షిణాసియా మూలాలవారు. అది గర్వపడవలసిన సంగతే. కానీ దాని పర్యవసానంగా, పేరు చివర మన ఇంటిపేరు కనిపిస్తే చాలు, స్పెల్లింగు విజేతనో సాఫ్ట్‌వేరు కంపెనీ అధిపతో అవుతాడని రాసి ముగిస్తున్నారు. అది పొగడ్తలాగే ఉంటుంది కాబట్టి మన తల్లిదండ్రులు ఎవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు. నాకు మాత్రం సర్కస్ జోస్యం కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. డ్రమ్ములు వాయించే కుర్రవాడినీ, పక్షుల గూళ్లు వెతుక్కుంటూ తిరిగే పిల్లనూ ఎవరూ ఒక్కరోజైనా పరికించి చూడలేదని అలాంటి వాక్యం చెబుతుంది. మూడేళ్లు ఒకే బడిలో చదివి, చూడబడకుండా వెళ్లిపోవడం ఏ బిడ్డకూ రాకూడదు.

అందువల్ల ఈ పుటలు రాసే పిల్లలకు నేను చెప్పదలచిన నియమం ఒక్కటే. జోస్యం ఆ పిల్లవాడు చేసే పనుల మీద, ఇష్టపడే వాటి మీద నిలవాలి, ఆ కథ చివరికి గెలుపు అతనిదే కావాలి. రైళ్లు ఆగే కథలో అలవాటు మారలేదు, అమ్మాయి గెలిచింది. అదే ఆలస్యం వల్ల ఆమె ఉద్యోగం పోయిందని రాసినా తరగతి నవ్వేది, కానీ ఆమె నవ్వేది కాదు. ఎవరి గురించి రాశారో వారు అందరికంటే ముందు నవ్వగలగాలి.

ఈ పుటల బదులు బిరుదుల పుట పెడదామని కొందరు సూచించారు. విజయం సాధించే అవకాశం అందరికంటే ఎక్కువ ఎవరికి, అందమైన చిరునవ్వు ఎవరిది, ఇలా ఓట్లు వేసి బిరుదులివ్వడం ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. ఓట్లు పడేది ముందే పేరున్న పిల్లలకు, మిగిలిన వారి పేర్లు ఆ పుటలో ఉండనే ఉండవు. ఫొటోలతోనూ ఇదే చిక్కు, కెమెరా దగ్గరగా నిలబడేవారే పదే పదే కనిపిస్తారు. జోస్యంలో మాత్రం జాబితాలోని ప్రతి పేరుకూ ఒక భవిష్యత్తు రాయక తప్పదు. ఏడాది మధ్యలో చేరి ఎవరితోనూ కలవని పిల్ల వంతు వచ్చినప్పుడు రాసేవారు ఆగి ఆలోచించాలి, తెలియకపోతే వెళ్లి ఆమెనే అడగాలి. ఆ అడగడం ఒక్కటి జరిగినా ఆ పుట అచ్చువేసిన ఖర్చు దక్కినట్టే.

చట్టం పరంగా కూడా ఎత్తివేయవలసిన అగత్యం లేదు. 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రంలో మేరీ బెత్ టింకర్ అనే పదమూడేళ్ల జూనియర్ హైస్కూలు విద్యార్థిని వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకొని వచ్చి సస్పెండ్ అయింది. విద్యార్థులు బడి గేటు లోపలికి వచ్చినంత మాత్రాన భావప్రకటన హక్కును కోల్పోరని ఆ కేసులో 1969లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బడి తరఫున వెలువడే పత్రికలపై, విద్యాపరమైన సహేతుక కారణాలు ఉంటే, యాజమాన్యానికి సంపాదకత్వ అధికారం ఉంటుందని అదే కోర్టు 1988లో మరో కేసులో స్పష్టం చేసింది. కనుక నొప్పించే వాక్యాన్ని ఆపే అధికారం బడికి ఇప్పటికే ఉంది, ఆ పని ఒక్కొక్క వాక్యాన్నీ చదివి చేయవచ్చు. తమ బిడ్డ పేరు వంటి వివరాలు బడి ప్రచురణల్లో వద్దనుకునే తల్లిదండ్రులు ముందుగానే ఆ సంగతి తెలియజేయడానికి 1974 నాటి విద్యా రికార్డుల చట్టం వీలు కల్పించింది. ఒకరికి వద్దనిపిస్తే ఒకరి పేరు తీయవచ్చు, దానికోసం తరగతి మొత్తం నోరు కట్టేయనక్కరలేదు.

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. అచ్చుకు పంపే ముందు ప్రతి విద్యార్థికీ తన గురించి రాసిన వాక్యాన్ని విడిగా, ఏకాంతంలో చూపించాలి. స్నేహితులు చుట్టూ ఉండగా అడిగితే నచ్చకపోయినా నచ్చిందనే అంటారు. వద్దంటే కారణం అడగకుండా మరొకటి రాయాలి. ఎవరికీ రెండు పంక్తులు, ఎవరికీ పది పంక్తులు కాకుండా చూసే బాధ్యత ఒక ఉపాధ్యాయురాలికో ఉపాధ్యాయుడికో అప్పగించాలి, అయితే ఆ పెద్దవారు తామే కలం అందుకొని పిల్లల హాస్యాన్ని సరిదిద్దకూడదు. పెద్దలు దిద్దిన జోస్యంలో అందరూ మంచి పౌరులే అవుతారు, అందులో నవ్వడానికి ఏమీ మిగలదు. పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్టులో ఎవరికైనా దొరుకుతున్నాయి కాబట్టి, ఈ రెండు పుటలను అచ్చు ప్రతికే పరిమితం చేసి, బడి వెబ్‌సైటులో పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది. నలభయ్యేళ్ల వయసులో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్న మనిషిని అతని చిన్ననాటి వేళాకోళంతో ఎవరూ కొలవకూడదు.

ఇండియాలో ఉన్న పెద్దలకు ఒక మనవి. మీ మనవరాలి పుట ఫోనుకు వచ్చినప్పుడు, అందులో ఆమె ఏమవుతుందని రాశారో దాని మీద కుటుంబ గ్రూపులో తీర్పులు చెప్పవద్దు. డాక్టరు అని రాయించవలసిందని అనవద్దు. ఆ వాక్యం ఎవరు రాశారో, ఎందుకు అలా రాశారో అడగండి. మీకు చెప్పడం కోసమైనా ఆ పిల్ల తన బడి కబుర్లు తెలుగులో చెప్పడానికి ప్రయత్నిస్తుంది. సర్కస్ గుడారం వెనుక సైన్సు పని, అందులోని అయిదుగురి పోట్లాట, రాజీ అన్నీ బయటికి వస్తాయి. మీ పత్రికకూ ఒక విన్నపం ఉంది. ప్రవాస విశేషాలలో ఇలాంటి పుటల ఫొటోలు వేయవలసి వస్తే పిల్లల పేర్లు, బడి పేరు కనిపించకుండా వేయండి.

మా బడిలో ఈ ప్రతిపాదన మీద తుది సమావేశం ఇంకా జరగవలసి ఉంది. అక్కడ చేయి ఎత్తబోయే తెలుగు తల్లిదండ్రులలో మీ పాఠకులు కూడా ఉంటారు. ఓటు వేసే ముందు ఈసారి పిల్లలు రాసి సిద్ధం చేసిన ప్రతిని తమ బిడ్డ పేరు దగ్గర ఆపేయకుండా మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదవాలని, అభ్యంతరం ఉన్న వాక్యాలకు గుర్తు పెట్టి ఆ పిల్లలతోనే కూర్చొని మాట్లాడాలని వారిని కోరుతున్నాను.

భవదీయురాలు,
అమెరికాలో నివసిస్తున్న ఒక తెలుగు తల్లి